వెల్లకిలా పెట్టిన మూత

సీసా మూత ఎవరు తీశారని డాక్టరమ్మ అడిగింది. పిల్లను లోపలికి తీసుకుపోయిన తలుపు రెక్కలు ఇంకా ఊగుతూనే ఉన్నాయి. పిల్ల తల్లి, మూతల మామ కూతురు, గోడ పక్కన నేలమీద కూలబడి ఉంది. కట్టుకున్న బట్ట ముందు భాగమంతా తడి. ఆరినచోటల్లా రంగు పోయి తెల్లగా మచ్చలు తేలుతున్నాయి. అల్లుడు వెల్డింగు షాపు నుంచి ఉన్నపళంగా పరుగెత్తుకొచ్చాడు, నల్లద్దాలు ఇంకా నుదుటిమీదే ఉన్నాయి. అతని తల్లి బెంచీ చివర కూర్చుని, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, కోడలినే చూస్తోంది.

"మూత నేను వేశాను" అంది కూతురు. "బిగించే వేశాను. వెనక్కి తిప్పి కూడా చూశాను. టకటకమంది."

డాక్టరమ్మ చేతిలో గుడ్డ చుట్టిన సీసా ఉంది. మరుగుదొడ్డి కడిగే మందు, పిల్ల తాగింది అదే. సీసాకు మూత లేదు. కంగారులో కూతురు సీసా ఒక్కటే పట్టుకొచ్చింది. ఇలాంటి సీసాలకు పిల్లలు తియ్యలేని మూతలు వస్తున్నాయి కదా అంది పక్కనున్న నర్సు. అప్పుడు అందరూ మూతల మామ వైపు చూశారు.

ఆ మూతలు పోసే ఫ్యాక్టరీలో మామ తనిఖీ బల్ల దగ్గర పనిచేస్తాడు. వీధిలో పిన్నా పెద్దా అందరికీ అతను మూతల మామే. వియ్యపురాలు ఎదురుగా ఉంటే అన్నయ్యగారూ అంటుంది గాని, చాటున ఆవిడకీ మూతల మామే.

మామ సీసా అందుకుని మెడమీది మరలను బొటనవేలితో తడిమాడు. ఎక్కడా చిట్లలేదు, అరగలేదు. సీసాలో తప్పు లేదు.

"సరిగ్గా మూసి ఉంటే పిల్లలు తియ్యలేరమ్మా" అన్నాడు.

అడిగారు కాబట్టి తనకు తెలిసింది చెప్పాడు. చూడ్డానికి ఒకటే గాని అది రెండు మూతలు. లోపలిది సీసా మరలకు బిగుస్తుంది, పైది దానిమీద తొడుగులా కూర్చుంటుంది. రెంటికీ మధ్య సన్నటి రెక్కలుంటాయి. ఆ రెక్కలే రెంటినీ ఎడంగా ఉంచుతాయి. ఊరికే తిప్పితే పైమూత టకటకమంటూ ఒట్టిగా తిరుగుతుంది, లోపలిది కదలదు. పైదాన్ని అదిమి, ఆ అదుము వదలకుండా తిప్పితేనే పళ్ళు కలిసి మూత ఊడుతుంది. ఒక చేత్తో రెండు పనులు. పసివాళ్ళకు ఆ పట్టు చిక్కదు. ఫ్యాక్టరీ భోజనాల హాలులో బడిపిల్లలను కూర్చోబెట్టి పరీక్ష కూడా పెట్టారు. ఒకడు కొరికాడు, ఒకడు నేలకేసి కొట్టాడు, ఒకతె సీసామీద ఎక్కి కూర్చుంది. డిజైనరు స్వయంగా ఎలా తియ్యాలో చూపించాక కూడా ఒక్కరి వల్లా కాలేదు. ఆ మూతకు బహుమతి వచ్చింది. ఫొటో గేటు దగ్గర గోడకు ఉంది.

చెబుతున్నంతసేపూ మామ సీసా మెడనే చూస్తున్నాడు. తలెత్తేసరికి కూతురు తనవైపు చూస్తోంది. ఏడవడం ఆపేసింది.

అల్లుడు నుదుటిమీది అద్దాలు తీసి, మడిచి, జేబులో పెట్టుకున్నాడు.

"అంటే మూత తీసే ఉంది" అన్నాడు.

కన్నతండ్రే చెప్పాక ఇక అడగడానికేముంది అన్నట్టు వియ్యపురాలు కొంగు నోటిమీంచి తీసేసింది. డాక్టరమ్మ లోపలికి వెళ్ళిపోయింది. మామ చేతిలో సీసా ఉండిపోయింది. దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియక చాలాసేపు అలాగే పట్టుకుని నిలబడ్డాడు.

పిల్ల బతుకుతుందని తెల్లవారి చెప్పారు. గొంతూ కడుపులోకి పోయే గొట్టమూ కాలాయట. ముక్కులోంచి సన్నటి ట్యూబు వేశారు. పాలైనా నీళ్ళైనా అందులోంచే పొయ్యాలి. ఎన్నాళ్ళని అడిగితే డాక్టరమ్మ చూద్దామంది. మాట రావడం లేదు, ఇప్పట్లో రాకపోవచ్చు. పిల్ల దగ్గర ఒక్కరినే ఉండనిస్తారు. తల్లి ఉంటానంటే అల్లుడు అడ్డుచెప్పలేదు, కానీ తన తల్లిని గదిబయట బెంచీమీద కాపలా కూర్చోబెట్టాడు.

వరండాలో మామ చేసే పని లేకపోయింది. షిఫ్టుకు వెళ్ళాడు.

బల్ల దగ్గర చేతులు వాటి పని అవి చేసుకుపోయాయి. మిషను పోసిన మూతలు పట్టా మీద వచ్చి ముందు రాలుతుంటాయి. గుప్పెడు తీసుకుని, ఒక్కొక్కటీ వెల్లకిలా తిప్పి, వరసగా కుడిచేతి వైపు పెట్టాలి. వెల్లకిలా ఉంటేనే లోపలి వాషరు కనబడుతుంది, రెక్కలు కనబడతాయి. మూత బోర్లా పెట్టినవాడికి ఆ బల్లమీద తిట్లు తప్పవు. రెక్క కురచైనవి, అంచున ప్లాస్టిక్ పొర మిగిలినవి, రంగు తేడా వచ్చినవి పక్క డబ్బాలోకి పోతాయి. వాటిలో కావలసినవి ఇంటికి పట్టుకుపోవచ్చు. ఫ్యాక్టరీ చుట్టుపక్కల ఇళ్ళలో ఉప్పు డబ్బా నుంచి మేకుల డబ్బా దాకా అన్నిటికీ ఆ ఎర్రమూతలే.

ఎదురు కుర్చీలో కూర్చునే ఆమెను కళ్ళజోడు అంటారు. నోరున్న మనిషి. మామ అన్నం తినేటప్పుడు కూడా ముద్దను తిరగేసి చూసిగాని నోట్లో పెట్టుకోడని ఆమె కనిపెట్టిన వేళాకోళం ఫ్యాక్టరీ అంతా తిరిగింది. ఆవేళ వేళాకోళాలేమీ ఆడలేదు. చేతులు ఆపకుండానే పిల్ల ఎలా ఉందని అడిగింది. మామ చెప్పాడు.

"గువ్వమ్మ కదూ" అంది. పిల్లను ఇంట్లో పిలిచే పేరు అందరికీ తెలుసు. "కుటుంబాలను రానిచ్చిన రోజున నా పక్కనే కూర్చుంది. ఇంతెత్తు లేదు, మూతలన్నీ వరసగా వెల్లకిలా పేర్చింది. దీనికీ ఓ కుర్చీ వెయ్యమని నేనే అన్నాను."

మామ తలూపాడు.

మధ్యాహ్నం సూపర్‌వైజరు వచ్చి, ఎన్నడూ లేనిది, మామ భుజంమీద చెయ్యి వేశాడు. సంగతి అంతా తెలిసింది, ఆస్పత్రిలో మామ చెప్పిన మాట కూడా పైవాళ్ళ చెవిన పడింది అన్నాడు. ఇంకొకడైతే తప్పు కంపెనీ మీదకు నెట్టి గోల చేసేవాడట. మామ న్యాయంగా మాట్లాడాడట. సెలవు కావాలంటే తీసుకొమ్మన్నాడు.

"మంచిమాట చెప్పావు మామా" అన్నాడు వెళ్ళేటప్పుడు.

ఆ తర్వాత మామ చేతుల్లోంచి రెండుసార్లు మూతలు జారి కిందపడ్డాయి. కళ్ళజోడు వంగి ఏరి ఇచ్చింది.

సాయంత్రం ఆస్పత్రికి వెళితే కూతురు తలుపు దాకా వచ్చింది. పిల్లకు మార్చడానికి బట్టలు కావాలి, తలకింద పెట్టుకునే చిన్నదిండు కావాలి అంది. తాళంచెవి అతని చేతిలో పెట్టింది. నాన్నా అనలేదు. తాళంచెవి ఇచ్చాక కూడా కదలకుండా నిలబడితే ఏదో చెబుతుందనుకున్నాడు.

"నువ్వే కదా చెప్పింది" అంది. "ఆ మూత ఉంటే సీసా కిందపెట్టినా భయం లేదని."

లోపలికి వెళ్ళిపోయింది.

కూతురిల్లు వెనక సందులోనే. తలుపు తీయగానే మందు వాసన గుప్పుమంది. బట్టలూ దిండూ సంచిలో పెట్టుకున్నాక, ఆ వాసనలోకి పిల్ల మళ్ళీ రాకూడదని, చీపురు తీసుకుని స్నానాల గదిలోకి వెళ్ళాడు. అందరూ పరుగులమీద వెళ్ళారు, అక్కడ ఎవరూ ఏమీ ముట్టుకోలేదు. బకెట్ వెనక మూల, మందు ఒలికినచోట నేల తెల్లగా పొంగి, పొడిలా లేచింది. ఆ తెలుపు మధ్యలో, కాలని నేల గుండ్రంగా ఒకచోట నల్లగా మిగిలింది. సీసా అడుగంత గుండ్రం. మూత ఊడిన కుదుపుకు మందు చిమ్మి ఒలికినప్పుడు సీసా అక్కడ నేలమీద నిటారుగా నిలబడి ఉందన్నమాట.

ఆ గుండ్రానికి కుడిపక్క, జానెడు దూరంలో, ఎర్రమూత ఉంది. వెల్లకిలా ఉంది.

మామ చీపురు గోడకు ఆనించాడు. మోకాళ్ళమీద కూర్చున్నాడు. వాషరు తెల్లగా పైకి కనబడుతోంది. మూత దొర్లి అక్కడికి రాలేదు. దొర్లితే గోడదాకా పోయేది, బోర్లా పడేది. తీసి, తిప్పి, పక్కన పెట్టారు.

కూతురు అలా పెట్టదు. ఎన్నడూ పెట్టలేదు. నూనెసీసా మూతైనా, మందుసీసా మూతైనా, తీసింది తీసినట్టు ఎక్కడో పడేసి, తర్వాత ఇల్లంతా వెతుక్కునే మనిషి. అందుకని అతని చేత ఎన్ని మాటలు పడిందో. తనిఖీ బల్ల దగ్గర కూర్చున్నవాళ్ళే అలా పెడతారు. ఆ ఇంట్లో ఆ బల్ల దగ్గర కూర్చున్న మనిషి ఒక్కతే.

మూతను ముట్టుకోకుండా లేచాడు. తలుపు తాళం వేసి తన ఇంటికి నడిచాడు. సంచి భుజాన ఉన్న సంగతి కూడా మరిచిపోయాడు.

అలమర కిందిఅరలో పిప్పరమెంటు బిళ్ళల డబ్బా ఉంది. దాని మూతా ఎర్రదే. గువ్వ వచ్చినప్పుడల్లా డబ్బాను తానే లాక్కుని నేలమీద నిలబెడుతుంది. తీస్తే బిళ్ళ, తీయలేకపోతే లేదు. అది ఆట. మొదట్లో రెక్క కురచైన మూత పెట్టాడు, వేలితో అదిమినా దిగుతుంది. పట్టు తెలిశాక ఇంకొంచెం గట్టిది పెట్టాడు. చేతులు చాలకపోతే ఒళ్ళు వాడమన్నాడు. ఒక అరచెయ్యి, దానిమీద ఇంకో అరచెయ్యి, పైన గుండె ఆనించి అదమాలి, అదుము వదలకుండా ఒళ్ళంతా తిరగాలి. తీసిన మూత వెల్లకిలా కుడివైపు పెట్టాలి. ఆ తర్వాతే చెయ్యి చాపాలి. అన్నీ సరిగ్గా చేస్తే ఇన్‌స్పెక్టరమ్మా అని బిళ్ళ చేతిలో పెట్టేవాడు.

మామ డబ్బాను నేలమీద పెట్టి మూతను వెలుతురులో చూశాడు. రెక్కలు నిండుగా ఉన్నాయి. రంగు ఒక్కటే కొంచెం పాలిపోయింది. పోయిన వారమే మార్చాడు. బజారులో సీసాకు ఉండే మూతకూ దీనికీ తేడా ఏమీ లేదు. దీన్ని గువ్వ తీసినప్పుడు అతను చప్పట్లు కొట్టాడు.

బయట చీకటి పడింది. పిల్లబట్టల సంచి భుజాన వేసుకునే, డబ్బా ముందు కూర్చుండిపోయాడు.

మర్నాడు అల్లుడిని ఆస్పత్రి గేటుపక్క టీ బడ్డీ దగ్గర పట్టుకున్నాడు. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక మూత వెల్లకిలా ఉండడం దగ్గర మొదలుపెట్టాడు. అల్లుడు టీ తాగడం ఆపలేదు. మధ్యలో అడ్డురాకుండా అంతా విన్నాడు. విన్నాక గ్లాసు కిందపెట్టి మూతి తుడుచుకున్నాడు. మూత ఎటు తిరిగి ఉందన్నది కూడా ఒక సంగతా అన్నాడు. కూతురు మీద ప్రేమ ఉండడం తప్పు కాదు, తనకూ కూతురుంది కాబట్టి అది తనకూ తెలుసు అన్నాడు.

"మొన్న మీరు అబద్ధం చెప్పలేదు మామయ్యా. ఇవాళ చెబుతున్నారు" అన్నాడు. గొంతు పెంచలేదు.

అంతా నిశ్చయమైపోయింది. పిల్లను ఇంటికి పంపే రోజున నేరుగా అతని అక్క ఉండే ఊరికి తీసుకుపోతారు. అక్కకు పిల్లల్లేరు, ఒళ్ళు దగ్గర పెట్టుకుని చూసుకుంటుంది. ట్యూబులో పాలు పొయ్యడం ఆవిడకు నర్సు నేర్పుతుంది. తల్లి ఇక్కడే ఉంటుంది. చూడాలనిపిస్తే వెళ్ళి చూసి రావచ్చు. పిల్లను మాత్రం ఆమె చేతికి ఇవ్వడు. ఆమెకు చెప్పావా అని అడిగాడు మామ. చెప్పానన్నాడు అల్లుడు.

మామ వార్డులోకి వెళ్ళాడు. గువ్వ నిద్రపోతోంది. ముక్కు పక్కన ట్యూబును బుగ్గకు అంటించిన తెల్లపట్టీ ఊపిరికి కదులుతోంది. పెదవులు నల్లగా పెచ్చు కట్టాయి. కూతురు మంచం పక్క స్టూలుమీద కూర్చుని పిల్ల పాదాన్ని గుప్పిట్లో పట్టుకుంది.

"అమ్మాయ్" అన్నాడు. "మూత నువ్వు వేసే ఉంటావు."

కూతురు తల తిప్పలేదు. అలాగే చెప్పింది. ఆ పొద్దున పొయ్యిమీద పాలు పొంగితే కడుగుతూ మధ్యలో లేచి వెళ్ళిందట. వేశానని అనుకుందట గాని, ఇంతమంది చెబుతుంటే ఇప్పుడు నమ్మకంగా గుర్తుకురావడం లేదట. వెనక్కి తిప్పి చూసింది ఆరోజేనా, అంతకుముందు రోజా అన్నది కూడా తెలియడం లేదట.

"నేనే మరిచిపోయి ఉంటానులే" అంది. "నాది మతిమరుపే కదా నాన్నా. నువ్వే అంటావు."

ఈసారి నాన్నా అంది. అదే అతన్ని ఎక్కడా నిలవనివ్వలేదు.

మూతకు మూతే సాక్షి కావాలి. ఇంట్లో ఉన్నవన్నీ తనిఖీలో తీసేసినవే. వాటితో చూపిస్తే వదులుమూతతో ఏమార్చాడంటారు, స్నానాల గదిలోదాన్ని పెడితే మందుకు పాడైందంటారు. షిఫ్టు చివర, మంచివాటి పెట్టెలోంచి ఒకటి తీశాడు. రెక్కలు చూశాడు, వాషరు చూశాడు, సీసాకు బిగించి తిప్పి చూశాడు. వంక పెట్టడానికి లేదు. ఇన్నేళ్ళలో ఆ గేటులోంచి మంచిమూత ఒక్కటి కూడా అతను బయటకు తేలేదు. చొక్కా లోపల దోపుకుంటుంటే ఎదురుగా ఉన్న కళ్ళజోడు చూసింది. చూసి, అద్దాలు తీసి కొంగుతో తుడుచుకుంటూ కూర్చుంది, అతను లేచి వెళ్ళేదాకా మళ్ళీ పెట్టుకోలేదు.

గేటు దగ్గర వాచ్‌మన్ ఉత్తిచేతులు చూసి, ఏం మామా, ఇవాళ మూతలేం దొరకలేదా అన్నాడు. పక్కన గోడమీద డిజైనరు ఫొటోలో నవ్వుతూ అదే మూతను రెండు వేళ్ళతో పైకెత్తి పట్టుకుని ఉన్నాడు.

పిల్లను పంపే రోజు మధ్యాహ్నం మామ వార్డుకు వెళ్ళేసరికి బట్టలు సర్ది ఉన్నాయి. అల్లుడి అక్క వచ్చింది. మంచి మనిషే, పిల్ల తల దువ్వుతూ ఏదో చెబుతోంది. వియ్యపురాలు సంచి ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. కూతురు కిటికీ దగ్గర నిలబడి ఉంది, చేతులకు పట్టుకోవడానికి ఏమీ లేక కిటికీ ఊచ పట్టుకుంది. గువ్వ మంచంమీద దిండుకు ఆనుకుని కూర్చుంది. తాతను చూసి నోరు తెరిచింది. శబ్దం రాలేదు.

మామ సంచిలోంచి సీసా తీశాడు. అదే మందుసీసా, కడిగి కడిగి మంచినీళ్ళు నింపినది. దాన్ని చూడగానే వియ్యపురాలు లేచి నిలబడింది. నీ పాపం పండ, ఆ సీసా మళ్ళీ పిల్ల ముందుకు తెస్తావా అంది. మామ సీసాను అల్లుడి ముందుకు చాపాడు.

"నీళ్ళే. వాసన చూడు. మూత నువ్వే బిగించు" అన్నాడు.

అల్లుడు కదల్లేదు. తర్వాత ఏమనుకున్నాడో, అందుకున్నాడు. మూత తీసి వాసన చూశాడు, నాలిక కొసకు తగిలించి చూశాడు. వెల్డింగు చేసే చేతులు, మణికట్టుమీద నరం లేచేదాకా బిగించాడు. వెనక్కి తిప్పాడు. టకటకమంది. ఇంకోసారి తిప్పాడు. టకటకమంది.

మామ స్టూలు మంచానికి దగ్గరగా జరిపి సీసాను దానిమీద నిలబెట్టాడు. పిల్లతో ఒక్క మాటా అనలేదు. వెనక్కి జరిగి నిలబడ్డాడు.

గువ్వ సీసాను చూసింది. తాతను చూసింది. ట్యూబు ఒరుసుకుంటుంటే మెడ ఒక పక్కకు వంచుకుని, మోకాళ్ళమీద లేచి, మంచం అంచుకు వచ్చింది. వియ్యపురాలు చెయ్యి చాపబోతే అల్లుడు ఆపాడు. పిల్ల కుడిఅరచెయ్యి మూతమీద పెట్టింది. దానిమీద ఎడమది పెట్టింది. స్టూలుమీదకు వాలి, గుండె ఆనించి, ఊపిరి బిగబట్టింది. మొదటిసారి పైమూత జారి టకటకమంది. పిల్ల ఆగింది. చేతులు సర్దుకుంది. మళ్ళీ అదిమి, భుజాలూ నడుమూ కలిపి ఒళ్ళంతా ఒక పక్కకు తిరిగింది.

మూత ఊడి చేతిలోకి వచ్చింది.

అల్లుడు తన అరచేతిని తిప్పి చూసుకున్నాడు. కూతురు కిటికీ ఊచ వదిలేసింది. ఆమె చూస్తున్నది పిల్లను కాదు, తండ్రిని. ఇంతసేపటికి ఆ పట్టు ఎక్కడినుంచి వచ్చిందో ఆమెకు తెలిసింది.

గువ్వ మూతను తిప్పి, వాషరు పైకి వచ్చేలా, సీసాకు కుడిపక్కన పెట్టింది. అది కదలకుండా వేలితో సర్దింది. తర్వాత తాతవైపు తిరిగి, నల్లగా పెచ్చుకట్టిన పెదవులతో నవ్వి, అరచెయ్యి చాపింది.

మామ చెయ్యి అలవాటుగా చొక్కాజేబులోకి వెళ్ళింది. జేబులో బిళ్ళ ఉంది. చెయ్యి బయటకు రాలేదు.